మీ ఖాళీ స్థలం

శ్రావణ మాసం, మొదటి బుధవారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలు. నేను మా ఇంటి మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. మున్సిపాలిటీ మేడం స్కూటీ దిగింది. ఆమె వెనక ఇంకో బండి మీద టేపు పట్టుకునే మనిషి వచ్చాడు. ఇంటికొచ్చినవాళ్ళు ముందు మనిషి ముఖం చూస్తారు. ఆమె నా మెట్లను చూసింది. వచ్చిన పని మంచిది కాదని అప్పుడే అర్థమైంది.

"ఈ ఇల్లు ఎవరిదమ్మా?"

"నాదే."

"పర్మిషన్ ఎవరి పేరు మీదుంది?"

"నా పేరు మీదనే. సంతకం గూడ నాదే, ఏలిముద్ర గాదు."

అది ఆమె అడగలేదు. నేనే చెప్పాను. యాభై ఏడేళ్ళకు అక్షరాలు నేర్చుకున్న మనిషికి ఆ రోగం ఉంటుంది. అడిగినా అడగకపోయినా చెప్పుకుంటుంది.

మెట్లు మా ఇంటికి ఉత్తరం పక్కన, బయటి నుంచి పైకి పోతాయి. పైన ఒకే గది. అది నా కూతురిది. మొగుడితో పొసగక తిరిగొచ్చి, మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. కుట్టించుకునే ఆడవాళ్ళు నా మంచం దాటకుండా నేరుగా పైకెక్కాలని ఆ మెట్లు బయట కట్టించాను. మెట్లకు అవతల నా చెల్లె ఇల్లు. ఆమె వంటింటి గోడ, ఆ గోడకు ఒక కిటికీ.

టేపు మనిషి నా మెట్ల అంచు నుంచి ఆ గోడ దాకా టేపు లాగాడు.

"జానెడు," అన్నాను. "దానికి టేపెందుకు? నా చెయ్యి సాలదా?"

"తొమ్మిదంగుళాలు మేడం."

"నువ్వు ఈ సందుల నుంచి అటు పక్కకు పోయి చూపియ్యి," అంది మేడం.

అతను పక్కకు తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుని దూరాడు. రెండడుగులకే ఇరుక్కున్నాడు.

"మేడం, జర ఆగుండ్రి. పొద్దుగాల తిన్న బొరుగుల వగ్గాని ఎక్కువైంది."

"ఇరుక్కున్నవా?"

"మెట్లు తర్వాత కూల్చొచ్చు మేడం, ముందుగాల నన్ను కూల్చాలె."

పై గదిలోంచి నా కూతురు కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను.

మేడం నవ్వలేదు. చిన్న వయసే గాని నిదానంగా మాట్లాడే మనిషి. "అమ్మా, ఇక్కడ ఒక మీటరు ఇడవాలె. ఇడుస్తమని మీరే సంతకం పెట్టి ఇచ్చిన్రు గద. మేము వచ్చి చూడలే. మీ మాట నమ్మి పర్మిషన్ ఇచ్చినం."

"ఏ మీటరు? కరెంటు మీటరా? అది ముంగటనే ఉంది, చూస్కో."

"కరెంటు మీటరు గాదమ్మా. కొలత. మూడడుగుల మీద మూడంగుళాలు."

నాకు అంతుపట్టలేదు. నా జీవితంలో అడుగులు కొలిచాను, మూరలు కొలిచాను, చేను కొలతకు గుంటలు చూశాను. సీడు పత్తి చేలల్లో పూలకు పుప్పొడి రుద్దే క్రాసింగ్ పనికి పోయినప్పుడు సాళ్ళు లెక్కపెట్టాను. మీటరు అని నాతో ఎవరూ అనలేదు, మీటరు వదులుతానని నేనెక్కడా సంతకం పెట్టలేదు. అదే మాట మేడంతో అన్నాను.

ఆమె ఫైలు తెరిచింది. "కంప్లైంట్ గూడ వచ్చింది."

"ఎవరిచ్చిన్రు?"

"పేరు లేదు."

"సూపియ్యి. నాకు సదువొస్తది."

ఆమె కాగితం నా ముందు పట్టుకుంది. చేతికివ్వలేదు. నేను వేలు పెట్టి, పైకి చదివాను. నాకు మనసులో చదువుకోవడం రాదు, ఇప్పటికీ పెదవులు కదలాలి.

'మా వీధిలో ఒక ఇంటివారు నిబంధన ప్రకారం వదలవలసిన ఒక మీటరు ఖాళీ స్థలంలో మెట్లు కట్టుచున్నారు. ప్రమాదం జరిగిన ఎడల మనుషులు బయటికి పోవుటకు దారి లేదు. తగిన చర్య తీసుకోగలరు. ఇట్లు, ఒక పౌరురాలు.'

'ఖాళీ' దగ్గర నా వేలు ఆగింది. ఆ 'ళ' తోక మేక తోకలాగా పైకి లేచి ఉంది. అట్లా రాసే మనిషిని ఈ లోకంలో నేను ఒక్కరినే ఎరుగుదును. ఇద్దరం అనాలి. రెండోదాన్ని నేను.

నా చెల్లె అంగన్‌వాడీ టీచరు. నాకంటే పదేళ్ళు చిన్నది. అమ్మ చేనికి పోతే చెల్లెను చంకన పెట్టుకుని ఇంటి దగ్గరుండడం నా పని. నేను బడికి పోలేదు, ఆమె పోయింది. అందులో ఎవరి తప్పూ లేదు, అప్పటి సంసారాలు అట్లాగే నడిచేవి. మా మహిళా సంఘంలో వేలిముద్ర వేసినప్పుడల్లా సిరా తుడుచుకోవడానికి గోడ వెతుక్కునేదాన్ని. ఒకరోజు చెల్లె నాలుగు గీతల కాపీ పుస్తకం తెచ్చింది. ఆమె పెన్సిలుతో రాసేది, నేను దాని మీద పెన్నుతో దిద్దేదాన్ని. రెండేళ్ళు దిద్దాను. నా చెయ్యి ఆమె చెయ్యి వెనకే నడిచింది. ఆమె 'ళ' నా 'ళ' అయింది.

అందుకే ఎవరు రాశారో తెలియడానికి నాకు పేరు అక్కర్లేకపోయింది. కాని నా కడుపులో కత్తి దిగింది ఆ 'ళ'తో కాదు. దాని ముందరి మాటతో. ఆమె 'మీటరు' అని పూర్తిగా రాసింది. మూడక్షరాలూ రాసింది.

అదెందుకో చెప్పాలంటే ప్లాను గీయించిన రోజు చెప్పాలి.

మా ఊరు అయిజ మున్సిపాలిటీ అయ్యాక ఇల్లు కట్టాలంటే కంప్యూటర్‌లో పర్మిషన్ తీసుకోవాలి. దానికి ప్లాను కావాలి. ప్లాను గీసే సారు గద్వాలలో ఉంటాడు. నేను, చెల్లె కలిసి బస్సులో పోయాం. మాది నూట యాభై గజాల ప్లాటు. సారు ఏవేవో గీతలు గీసి, ఇంగ్లీషులో ఏవేవో చెప్పబోయాడు. ఒక చెవికి ఫోను, ఒక చెవి మాకు.

"నోటితోని చెప్పకు సారూ, తెలుగుల రాసియ్యి. నాకు సదువొస్తది," అన్నాను. గర్వమే. ఒప్పుకుంటాను.

ఆయన చిన్న చీటీ మీద రాసిచ్చాడు. ఇంకో కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను. నా పేరు పూర్తిగా రాయడానికి అంత సేపు పట్టింది, వెనక వరుసలో ఉన్నవాళ్ళు సణిగారు. నేను వినిపించుకోలేదు. ఆ కాగితంలో ఏముందో చదవలేదు. అది నాలుగు పేజీలు, అన్నీ చీమల్లాంటి అక్షరాలు. చీటీ మాత్రం తిరుగు బస్సులో తీసి చదివాను.

'ఉత్తరం 1 మీ ఖాళీ స్థలం. దక్షిణం 1 మీ ఖాళీ స్థలం.'

బస్సు నిండా వినబడేట్టు చదివాను. ఉత్తరాన ఒకటి, మీ ఖాళీ స్థలం. దక్షిణాన ఒకటి, మీ ఖాళీ స్థలం. ఆ 'మీ' నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆఫీసుల్లో నన్ను 'ఏయ్ అవ్వా' అన్నవాళ్ళే గాని 'మీరు' అన్నవాళ్ళు తక్కువ. అట్లాంటిది కాగితం మీద గవర్నమెంటు లెక్కలో, నా జాగాను 'మీ' అని రాశారు.

"సూసినవా చెల్లె, మీ ఖాళీ స్థలమంట. నీ అని రాయలే, మీ అని రాసిండు."

చెల్లె చీటీ చేతిలోకి తీసుకుంది. చూసింది. తిరిగి ఇచ్చింది.

"అవునక్కా. మీదే."

ఆ రెండు మాటలూ ఆమె అన్నవే. నేను కల్పించడం లేదు.

ఇల్లు లేచింది. దక్షిణాన పక్కవాళ్ళ మురికినీళ్ళ మోరీ ఉంది కాబట్టి అటు ఎలాగూ వదిలాను. ఉత్తరాన మెట్లు అన్నాను. మా మేస్త్రీ రాయచూరు వైపు నుంచి వచ్చినవాడు, సగం మాటలు కన్నడం.

"అవ్వా, చూరు నీళ్ళకైన కొంచెం ఇడువు. ఇంత దగ్గరకు కడ్తే పక్కోళ్ళు ఊకుంటరా?"

"పక్కోళ్ళు ఎవరు? నా చెల్లె. జాగ ఎవరిది? నాది. గిదో, రాసిచ్చిన్రు," అని చీటీ చూపించాను. అతనికి చదువు రాదు. రాని మనిషికి వచ్చిన మనిషి చీటీ చూపిస్తే ఏమంటాడు?

"రాసిచ్చిన్రంటే సాకు. ఇంకేం మాట్లాడొద్దు," అన్నాడు. సాకు అంటే చాలు అని.

మెట్లకు సెంట్రింగు కొట్టిన రోజు చెల్లె ఫ్లాస్కులో చాయ్ తెచ్చింది. మేస్త్రీకి పోసింది, నాకు పోసింది. కిటికీ ముందు లేచిన చెక్కలను చూసి, "ఇంత దగ్గరికొచ్చిందేందక్కా," అంది. నేను, "నీ వంట వాసన నాకు తగలాలె గద," అన్నాను. ఆమె నవ్వింది. గ్లాసులు కడుక్కుని వెళ్ళిపోయింది. మేడం చూపించిన కాగితం మీద ఆఫీసు ముద్ర ఉంది, దానికింద తేదీ ఉంది. చాయ్ పోసిన నాలుగో రోజు.

ఇప్పుడు మళ్ళీ ఆ బుధవారానికి వస్తాను. కాగితం చదివాక నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. మేడం నా పక్కన నిలబడి విడమరిచి చెప్పింది. ఆ మీటరు గవర్నమెంటుకు కాదట. ఇంట్లో మంటలు లేస్తే మనిషి బయటపడడానికట, పొగ పోవడానికట, బయటినుంచి నీళ్ళు కొట్టేవాడు లోపలికి రావడానికట. "మీ బిడ్డ పైన ఉంటది గద. కింద సిలిండర్‌కు మంటంటుకుంటే ఈ సందుల నుంచే పొగ పైకొస్తది. ఆమె దిగే దారి గూడ ఇదే. అప్పుడేం చేస్తరు?"

ఒక్క మాట చెప్తాను. ఆమె చెప్పింది న్యాయం. మెట్లు తప్పు. ఇది నేను ఆ రోజే ఒప్పుకున్నాను, ఈ రోజూ ఒప్పుకుంటాను. గద్వాల సారు ఇంత మాట చెప్పి ఉంటే నేను మీటరు కాదు, రెండు మీటర్లు వదిలేదాన్ని.

మేడం తలెత్తి చెల్లె కిటికీ వైపు చూసింది. "ఈ గోడ హద్దు మీదనే ఉంది. అటు పక్క గూడ ఖాళీ ఇడవలే. ఈ ఇల్లెవరిది?"

కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. లోపల కుక్కర్ కూత పెట్టాల్సింది, పెట్టలేదు. ఎవరో మంట తగ్గించారు.

నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. నా చెల్లెది, ఆమె కూడా జానెడు వదలలేదు, ఆమె ఫైలు కూడా తెరువు అని. నా నోరు అట్లాంటిదని ఊరందరికీ తెలుసు.

"పంచాయతీ కాలం నాటి గోడ," అన్నాను. "దాని సంగతి ఇడిచిపెట్టు. నా మెట్ల సంగతి చెప్పు."

ప్రేమతో అన్నాననుకోకండి. ఆ కాగితం రాసిన చేతితో నాకు ముఖాముఖి పని ఉంది. మధ్యలో మున్సిపాలిటీ ఎందుకు?

మేడం పదిహేను రోజులు గడువిచ్చింది. నేనే తీసేస్తే మనుషులను పంపనంది. మెట్లు ఇంటిలోపలికి మార్చి కొత్త ప్లాను పెట్టుకోమంది. టేపు మనిషి పోతూ పోతూ, "అవ్వా, మల్లొచ్చినప్పుడు నేను పట్టేటంత జాగ ఇడువు," అన్నాడు. ఈసారి ఎవరం నవ్వలేదు.

నా కూతురు దిగివచ్చి నా చెయ్యి పట్టుకుంది. కాగితం చదవడం పైనుంచి విన్నది గాని 'ళ' చూడలేదు. నేను చెప్పాను.

"అమ్మా, ఇప్పుడు పోకు. కోపంల ఉన్నవు."

"కోపం తగ్గినంక పోతే ఏం లాభం?" అని పోయాను.

చెల్లె స్టవ్ ముందర నిలబడి ఉంది. నన్ను చూసి స్టూలు జరిపింది. నేను కూర్చోలేదు.

"మీ అంటే ఏంది చెల్లె?"

"ఏ మీ అక్కా?"

"బస్సుల నేను సదివిన మీ. నువ్వు అవునన్న మీ."

గరిటె కింద పెట్టింది. "మీటరు," అంది.

"ఎప్పట్నుంచి తెల్సు?"

"టీచర్ను గదనే. సూడంగనే తెల్సు."

"మరి మీదే అంటివి?"

"బస్సుల అందరి ముంగట అంత సంబురంగ సదువుతుంటివి. తప్పు సదివినవని ఎట్ల చెప్పాలె?"

"కాపీ పుస్తకంల వెయ్యి తప్పులు దిద్దినవు. తలకాయ మీద మొట్టినవు గూడ. గప్పుడు సిగ్గు కాలేదు గని, ఇంటి సంగతి కాడికొచ్చినంక సిగ్గైందా? సాఫ్‌గ చెప్పు."

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. "నా గోడకు నేను ఏమిడిసిననక్కా? మీటరు ఇడవాలె అని నీకు చెప్తే, నీ మీటరేది చెల్లె అని నువ్వే అడుగుతవు. ఇంట్ల అడుగుతవు, ఆఫీసుల గూడ అడుగుతవు. నీ నోరు నాకు తెల్వదా? నా వంటిల్లు పోతుండె."

"అడుగుదునే," అన్నాను. నిజం. అడిగేదాన్ని.

"చూరు నీళ్ళకైన మూడడుగులు ఇడుస్తవనుకున్న. అందరు ఇడుస్తరు. నువ్వు మెట్లే కడ్తివి."

"కట్టేటప్పుడు చాయ్ పోస్తివి గద. గప్పుడు నోరు పడిపోయిందా?"

"ఏమని చెప్పాలె? నీ జాగల నువ్వు కడ్తున్నవు. చాయ్ పోసిన తెల్లారే గ్యాస్ పైపు కారింది. కిటికీ తెరిస్తే నీ మెట్ల చెక్కలు. వాసన బయటికి పోలేదక్కా, గంటసేపు వాకిట్ల నిలబడ్డ. నాకు భయమైంది."

"గ మాట నాతోని అంటే నేను ఆపకపోదునా?"

చెల్లె కళ్ళు తుడుచుకుని నా ముఖంలోకి చూసింది. "ఆపుతుంటివా?"

పర్మిషన్ కాగితం చేతిలో ఉన్న మనిషిని, ఆపేదాన్నో లేదో. కాని అడిగి చూడాల్సింది. అడగకుండానే నా జవాబు తానే రాసుకుని, దాని కింద 'ఒక పౌరురాలు' అని సంతకం పెట్టింది. నాకు సంతకం నేర్పిన మనిషి తన పేరు రాయలేదు.

చదువు రాని రోజుల్లో మోసపోతే, రాదు కాబట్టి మోసపోయాననుకునేదాన్ని. దానికి ఒక సమాధానం ఉండేది. చదువు వచ్చాక, ఆ చదువు ఇచ్చిన చేతిలోనే మోసపోతే మనిషి ఎక్కడికి పోయి ఏడవాలి?

మెట్లు మేస్త్రీయే కూల్చాడు. "కట్టేతందుకు ఇన్ని కాయితాలు గావాలె, కూల్చేతందుకు ఒక్కటి గూడ అక్కర్లేదు, సూడవ్వా," అన్నాడు. కొత్త మెట్లు నేను పడుకునే గదిలోంచి పైకి పోయాయి. నా మంచం వాటి కిందికి జరిగింది. లేచేటప్పుడు తల తగులుతుంది. జాకెట్లకొచ్చే ఆడవాళ్ళు నా నెత్తి మీదుగా ఎక్కి దిగుతారు. కూతురి గది నిలబడింది, నాకు కావలసింది అదే, కాబట్టి ఆ విషయంలో ఏడుపు లేదు.

ఒకరోజు జాకెట్టుకు వచ్చిన ఆమె ఇంటి గుర్తు అడుగుతూ వాకిట్లో నిలబడింది.

"మీటరవ్వ ఇల్లు ఇదేనా?"

"ఏ అవ్వ?"

"అదే, మీటరును మీది అని సదివిందంట గద…" నా ముఖం చూసి ఆగిపోయింది.

ఆ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురం. నేను, నా కూతురు, చెల్లె. నా కూతురు కడుపులో మాట బయటికి పోదు. కాబట్టి రెండోసారి కూడా ఎక్కడినుంచి పోయిందో నాకు పెన్సిలుతో రాసి చూపించక్కర్లేదు. కాగితం రాసినందుకైనా ఒకనాడు మాట్లాడేదాన్నేమో. ఇందుకు మాట్లాడను.

ఒత్తుల దగ్గర మా చదువు ఆగిపోయింది. మిగిలిన ఒత్తులు బస్సు బోర్డుల మీద, మందుల డబ్బాల మీద సొంతంగా నేర్చుకున్నాను. 'ళ' మాత్రం మార్చుకున్నాను. తోక లేకుండా రాస్తాను. ఇప్పుడు రెండిళ్ళ మధ్య ఒక మీటరు జాగా ఉంది. మధ్యాహ్నం పూట అందులోంచి గాలి పోతుంది, చెల్లె కిటికీ పరదా ఊగుతుంది. ఊగనీ. గాలి మీద నాకు పగ లేదు.

మేడం ఆ రోజు రాసుకున్న కాగితంలో అక్కడ ఉన్నవాళ్ళు నలుగురని రాసింది. నేను దాని కింద సంతకం పెట్టాను. ఆ లెక్క తప్పు, కాబట్టి ఇక్కడ సరిగ్గా రాస్తున్నాను. పేర్లు రాయను, వరసలు చాలు. స్కూటీ మీద వచ్చిన మున్సిపాలిటీ మేడం. సందులో ఇరుక్కున్న టేపు మనిషి. పై గదిలో మిషన్ ఆపి విన్న నా కూతురు. మెట్ల మీద నేను. కిటికీ రెక్క వెనక నా చెల్లె.